ప్రింటర్ రివ్యూల్లో ఎవరూ ఫొటోని పక్కకి వంచి చూడరేం?

ప్రింటర్ రివ్యూ ఏదైనా ఒకటి ఓపెన్ చేయండి. నిమిషానికి ఎన్ని పేజీలు, పేజీకి ఎన్ని పైసలు, వైఫై ఉందా, ఫోన్ నుంచి డైరెక్ట్‌గా ప్రింట్ వస్తుందా... ఇదే వరస. చివర్లో ఒక ఫొటో ప్రింట్ తీసి, కెమెరాకి ఎదురుగా నిటారుగా పట్టుకుని "కలర్స్ అదిరిపోయాయి" అనేసి ముగించేస్తారు. ఆ ప్రింట్‌ని ఒక్కసారి ట్యూబ్‌లైట్ కింద పక్కకి వంచి చూపించిన రివ్యూ నాకు ఇంతవరకు తగల్లేదు. ఫోన్ డిస్‌ప్లే అయితే ఎండలో ఎలా కనిపిస్తోంది, ఏ యాంగిల్‌లో కలర్ మారుతోంది అని పది షాట్లు వేస్తాం. పాపం కాగితానికి ఆ మర్యాద దక్కలేదు.

నాకు ఈ కోపం ఊరికే రాలేదు. నంద్యాలలో మా మేనమామకి చిన్న ఫొటో స్టూడియో ఉంది. పాస్‌పోర్ట్ సైజు ఫొటోలు, పుట్టినరోజు ఫొటోలు, ఎక్కువగా మాత్రం ఇంట్లో గోడకి తగిలించే పెద్దవాళ్ల ఫొటోలు. ఆరు ట్యాంకుల ప్రింటర్ ఒకటి, అందులో చవకలో దొరికే డై ఇంక్. రెండేళ్ల కిందట ఒకాయన ఫ్రేము చంకలో పెట్టుకుని వచ్చాడు. వరండాలో తగిలించిన వాళ్ల అవ్వ ఫొటో. మొహమంతా ఎర్రబడిపోయి, చీర రంగు ఏదో కూడా తెలియకుండా ఉంది. "ఏం సామీ, మా అవ్వ ఇట్ల ఎర్రగా ఎప్పుడుండె?" అని అడిగాడు. గొడవ పడలేదు, అడిగాడంతే. మామ ఆ రోజు అన్నం సరిగ్గా తినలేదు.

అప్పుడు తెలివిగా సలహా ఇచ్చింది నేనే. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, చేతిలో నాలుగు రివ్యూలు, "పిగ్మెంట్ ఇంక్ అయితే వెలవదు మామా, నీళ్లు పడినా చెదరదు" అన్నాను. అదే ప్రింటర్‌కి సరిపోయే పిగ్మెంట్ ఇంక్ ఆన్‌లైన్‌లో తెప్పించాం. పాత ఇంక్ ఖాళీ చేసి కొత్తది పోశాం. మొదటి ప్రింట్ చూసి ఇద్దరం సంతోషపడ్డాం. ఎందుకంటే నిటారుగా పట్టుకుని చూశాం కాబట్టి.

ఆళ్లగడ్డ ఆల్బమ్

ఆళ్లగడ్డ శిల్పాల గురించి మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. ఆళ్లగడ్డ రాతి చెక్కడానికి భౌగోళిక గుర్తింపు ట్యాగ్ కూడా ఉంది. ఊళ్లోకి వెళ్తుంటే రోడ్డు పక్కనే షెడ్లు, వాటి ముందు సగం చెక్కిన నందులు, వినాయకులు, ఆంజనేయులు కనిపిస్తారు. అక్కడ ఒక శిల్పి అన్న మామకి పాత స్నేహితుడు. తన పని చూపించడానికి ఒక ఆల్బమ్ కావాలన్నాడు. వాట్సాప్‌లో ఫొటోలు పంపితే సరిపోతుంది కదా అని నేనన్నాను. "గుడి కమిటీ పెద్దోళ్లు నలుగురు కూచుని చేతిలో పట్టుకుని చూసేది వేరే ఉంటాది అబ్బీ" అన్నాడు. నిజమే.

మామ కెమెరా తీసుకెళ్లి, తెల్ల దుప్పటి వెనకాల కట్టి, 24 ఫొటోలు తీశాడు. దాదాపు అన్నీ నల్లరాతి విగ్రహాలే. ఏ4 సైజు గ్లాసీ పేపర్ మీద మన కొత్త పిగ్మెంట్ ఇంక్‌తో ప్రింట్ చేసి ఇచ్చాం. వారం తిరక్కుండానే ఫోన్ వచ్చింది. ఆల్బమ్ చూసిన కమిటీ వాళ్లు ఒక అమ్మవారి విగ్రహం దగ్గర ఆగి, "రాయిలో జీర ఉన్నట్టుందే" అన్నారట.

ఇది చిన్న మాట కాదు. జీరలు, మచ్చలు ఉన్న రాయిని పూజలో పెట్టే మూలవిగ్రహానికి వాడరు. శిల్పి రాయిని ఎంచుకునేటప్పుడు తట్టి శబ్దం విని, నీళ్లు పోసి చూసి తీసుకుంటాడు. అలాంటి మనిషి పనికి మా ప్రింటర్ ఒక దోషం అంటగట్టింది.

ఆ ఆదివారం నంద్యాల నుంచి బస్సెక్కి, శిరివెళ్ల మీదుగా ఆళ్లగడ్డ వెళ్లాను. నలభై కిలోమీటర్ల పైచిలుకు. అన్న ఆల్బమ్ తెరిచి షెడ్డు వాకిట్లో వెలుతురుకి వంచి చూపించాడు. అమ్మవారి చెంప దగ్గర నలుపు మీద రాగి రంగు పొర ఒకటి తేలుతోంది. వెనకాల తెల్ల దుప్పటి ఉన్నచోట కాగితం అద్దంలా మెరుస్తోంది, విగ్రహం ఉన్నచోట మెరుపు చచ్చిపోయింది. రెండూ కలిసేచోట విగ్రహం చుట్టూ గీత గీసినట్టుంది. అసలు విగ్రహం పక్కనే ఉంది. దాని మీద ఏ మచ్చా లేదు.

ఇంతకీ ఏం జరుగుతోందంటే

డై ఇంక్‌లో రంగు నీళ్లలో ఉప్పులా కరిగి ఉంటుంది. గ్లాసీ పేపర్ మీద పడగానే పైనున్న కోటింగ్‌లోకి ఇంకిపోతుంది. పైకి కనిపించే ఉపరితలం మాత్రం కాగితానిదే. కాబట్టి ఇంక్ ఉన్నచోటా లేనిచోటా మెరుపు దాదాపు ఒకేలా ఉంటుంది.

పిగ్మెంట్ అలా కాదు, అది నీళ్లలో కలిపిన సున్నం లాంటిది. సుమారు 100 నానోమీటర్ల రేణువులు, వాటిని పట్టి ఉంచే రెజిన్. కోటింగ్‌లో ఉండే సన్నటి రంధ్రాల్లోంచి నీళ్లు కిందికి దిగిపోతాయి, రేణువులు పైనే ఆగిపోతాయి. వెలగకపోవడానికీ ఇదే కారణం. రేణువు పెద్దది, వెలుతురూ గాలిలోని ఓజోనూ దాన్ని పైపైన తినాల్సిందే, డై అణువుని విరగ్గొట్టినంత తేలిగ్గా విరగ్గొట్టలేవు. అంటే మనకి కావాల్సిన మంచీ, వద్దనుకునే చెడూ రెండూ ఒకే గుణం నుంచి వస్తున్నాయి. పైన ఆగిన ఇంక్ సొంతంగా ఒక ఉపరితలం అయిపోతుంది. దాని మెరుపు వేరు, ఖాళీ కాగితం మెరుపు వేరు. ఇంక్ ఎంత మందంగా పడితే తేడా అంత మారుతుంది. దీన్నే గ్లాస్ డిఫరెన్షియల్ అంటారు. (ఇక్కడ గ్లాస్ అంటే అద్దం కాదు, మెరుపు. తెలుగులో రెండిటికీ ఒకటే స్పెల్లింగ్, ఏం చేస్తాం.)

రాగి రంగు సంగతి ఇంకోటి. దీని పేరు బ్రాంజింగ్. ఒక రంగుని బాగా పీల్చుకునే పదార్థం దట్టంగా ఉపరితలం మీద ఉంటే, సరిగ్గా ఆ రంగునే అద్దంలా ఎక్కువగా వెనక్కి కొడుతుంది. సియాన్ పిగ్మెంట్ ఎరుపుని పీల్చుకుంటుంది. అందుకే సియాన్ ఎక్కువ పడినచోట వంచి చూస్తే ఎర్రటి రాగి మెరుపు. ప్రింటర్ ముదురు నీడల్ని నల్ల ఇంక్‌తో మాత్రమే వేయదు, సియాన్, మెజెంటా కూడా కలుపుతుంది. కాబట్టి నల్లరాతి విగ్రహాన్ని తెల్ల దుప్పటి ముందు పెట్టి తీసిన ఫొటో ఉందే, పిగ్మెంట్ ఇంక్‌ని ఫెయిల్ చేయాలని ఎవరైనా కూర్చుని టెస్ట్ ఛార్ట్ తయారు చేసినా అంతకన్నా బాగా చేయలేరు.

ల్యాబ్‌లో తీసిన పాత ఫొటోలకి ఈ గోల ఎందుకు లేదు అని మామ అడిగాడు. అందులో రంగు జెలటిన్ పొర లోపల పుడుతుంది. పైన ఒకటే పొర, ఒకటే మెరుపు. మన కళ్లు చిన్నప్పటి నుంచి ఆ ఆల్బమ్‌లకే అలవాటు పడ్డాయి, అందుకే ఇంక్‌జెట్‌లో తేడా వస్తే పేరు తెలియకపోయినా "ఏదో తేడాగా ఉంది" అంటాం.

కంపెనీలకి ఇది తెలియదా?

బ్రహ్మాండంగా తెలుసు. 2004లో వచ్చిన ఎప్సన్ ఆర్800లో రంగులతో పాటు గ్లాస్ ఆప్టిమైజర్ అని రంగులేని కార్ట్రిడ్జ్ ఒకటి పెట్టారు. ఇంక్ పడని తెల్ల భాగాల మీద కూడా పారదర్శకమైన పొర వేసి మెరుపుని సమం చేయడమే దాని పని. కేనన్ 2011లో ప్రో-1తో అదే ఆలోచనని క్రోమా ఆప్టిమైజర్ పేరుతో తెచ్చింది, 2020 నాటి ప్రో-300లోనూ ఉంది. అందులో ఆ పొరని ప్రింటర్ తన లెక్క ప్రకారం వేయాలా, పేజీ మొత్తం వేయాలా అని సెట్టింగ్ కూడా ఉంటుంది. ఎప్సన్ పీ700, పీ900ల్లో ఇంకో దారి పట్టారు. రంగులేని ఇంక్ లేకుండానే, ముదురు భాగాల మీద లైట్ గ్రే ఇంక్‌ని పైపూతలా మళ్లీ వేసే మోడ్ ఇచ్చారు.

అంటే రోగమూ మందూ రెండూ ఇరవై ఏళ్ల కిందే తెలుసు. కాకపోతే ఆ మందు ఉన్న ప్రింటర్ ధర చూస్తే మంచి గేమింగ్ ల్యాప్‌టాప్ గుర్తొస్తుంది, కార్ట్రిడ్జ్‌లు వేరే. నంద్యాలలో రోజుకి నలభై పాస్‌పోర్ట్ ఫొటోలు తీసే షాపుకి అది కుదిరే పని కాదు. ఇక్కడ నడిచేవి ట్యాంక్ ప్రింటర్లు. వాటిలో కూడా పిగ్మెంట్‌వి ఉన్నాయి. ఉదాహరణకి ఎప్సన్ ఎల్15150లో నాలుగు రంగులూ పిగ్మెంటే. ఆఫీసు డాక్యుమెంట్లకి చక్కటి మిషన్. అందులో పైపూత ఇంక్ లేదు, ఉండాల్సిన అవసరమూ లేదు, ఎందుకంటే దాన్ని గ్లాసీ ఫొటోల కోసం చేయలేదు. నా ఫిర్యాదు మిషన్ మీద కాదు. "పిగ్మెంట్ అంటే వాటర్‌ప్రూఫ్, వెలవదు, ప్రీమియం" అని మూడు మాటలు చెప్పి నాలుగోది మింగేసే రివ్యూల మీద. నేను చేసిన తప్పు ఇంకా పెద్దది. డై కోసం డిజైన్ చేసిన ప్రింటర్‌లో పిగ్మెంట్ పోయించాను. డ్రైవర్‌కి ఆ సంగతి తెలియదు, డై లెక్కలోనే ఇంక్ కుమ్మరిస్తుంది. పైగా మే నెలలో నంద్యాలలో 40 డిగ్రీలు దాటిన గదిలో రెండు రోజులు షాపు మూస్తే నాజిల్స్‌లో ఇంక్ గడ్డకట్టి కూర్చుంటుంది. హెడ్ క్లీనింగ్‌కి పోయిన ఇంక్ లెక్క మామ నాకు ఇప్పటికీ చెప్తూనే ఉంటాడు.

మేం చేసి చూసినవి

మొదట స్ప్రే. ఆటోమొబైల్ పెయింట్ షాపులో దొరికే క్లియర్ లాకర్ డబ్బా కొట్టి చూశాను. దయచేసి మీరు చేయకండి. నారింజ తొక్కలా గుంతలు గుంతలుగా వచ్చింది, ఎండేలోపు రోడ్డు మీది దుమ్మంతా అంటుకుంది, వాసనకి పక్క షాపు మెడికల్ స్టోర్ ఆయన వచ్చి చూసిపోయాడు. ప్రింట్ల కోసమే తయారు చేసిన వార్నిష్ స్ప్రేలు ఉన్నాయి, అవి బాగానే పనిచేస్తాయి, కానీ రోజువారీ షాపు పనికి ఆ ఖర్చు, ఆ జాగ్రత్త రెండూ ఎక్కువే.

తర్వాత కోల్డ్ ల్యామినేషన్. ఇది మన స్టూడియోల్లో ఎప్పటి నుంచో ఉన్న పనే. చేతితో తిప్పే రోలర్ మిషన్, జిగురు ఉన్న సన్నటి ఫిల్మ్. మెరుపు తేడాకి ఇంతకన్నా చవకైన మందు నాకు దొరకలేదు. ఇది ఎందుకు పనిచేస్తుందో నాకు ఆళ్లగడ్డలోనే అర్థమైంది. అన్న ఒక నల్లరాయి మీద చెంబుతో నీళ్లు పోశాడు. అప్పటిదాకా పాలిష్ పెట్టినచోట ఒకలా, ఉలి గాట్లు ఉన్నచోట బూడిద రంగులో ఉన్న రాయి మొత్తం ఒక్కసారిగా ఒకే నలుపు, ఒకే మెరుపు అయిపోయింది. నీళ్లు గరుకుతనాన్ని నింపేసి పైన కొత్త ఉపరితలం ఒకటి పరిచాయి. ఫిల్మ్ చేసేదీ అదే. గాలికి తగిలేది ఇప్పుడు ఇంక్ కాదు, ఫిల్మ్. జిగురు ఇంక్‌ని అంటుకుని ఉంటుంది కాబట్టి ఆ రాగి మెరుపు కూడా చాలావరకు అణిగిపోతుంది. కాకపోతే ప్రింట్ పూర్తిగా ఆరాలి, మేమైతే ఒక రోజంతా వదిలేస్తాం. తొందరపడితే లోపల తేమ చిక్కుకుని సన్నటి వెండి చుక్కల్లా బుడగలు వస్తాయి. దుమ్ము పడితే అది శాశ్వతంగా మీ ఫొటోలో సభ్యుడైపోతుంది.

మరి ఆల్బమ్ మొత్తం ల్యామినేట్ చేసేశామా అంటే, లేదు. అన్న ఒప్పుకోలేదు. "అన్నిటికీ ప్లాస్టిక్ మెరుపు వస్తే నా రాయి యాడ కనపడతాది?" అన్నాడు. ఆయన చెంపకి నున్నటి పాలిష్ పెడతాడు, జుట్టు ముడి దగ్గర గరుకు అలాగే వదిలేస్తాడు, నగలకి మధ్యస్తంగా. నేను అంతసేపూ పోరాడుతున్న గ్లాస్ డిఫరెన్షియల్‌ని ఆయన కావాలని చేస్తాడన్నమాట. "మెరుపు నేను యాడ కావాలంటే ఆడ పెడతా. మీ మిషను దానికి బుద్ధి పుట్టిన కాడ పెడతాంది" అన్నాడు. నేను రెండు నెలలు చదివిన థియరీ అంతా ఆ ముక్కలో వచ్చేసింది.

కాబట్టి పేపర్ మార్చాం. హై గ్లాసీ వదిలేసి 260 జీఎస్ఎమ్ లస్టర్ పేపర్. ఆర్‌సీ పేపరే, పైన సన్నటి గరుకు ఉంటుంది. దీని మీద మెరుపు తేడా పోదు, కానీ ఆ గరుకు వెలుతురుని చెల్లాచెదురు చేయడం వల్ల కంటికి అంతగా దొరకదు. చవక గ్లాసీ పేపర్ల మీద పిగ్మెంట్ అసలు నిలబడదు, గోరుతో గీస్తే లేచి వచ్చేసింది.

అన్నిటికన్నా ఎక్కువ పనిచేసింది మాత్రం పైసా ఖర్చు లేనిది. దుప్పటి మార్చడం. తెల్ల బ్యాక్‌గ్రౌండ్ అంటే ప్రింటర్‌కి "ఇక్కడ ఇంక్ వేయకు" అని చెప్పడం. బూడిద రంగు గుడ్డ కట్టి మళ్లీ ఫొటోలు తీశాం. పేజీ మొత్తం ఇంక్ పడింది, విగ్రహం చుట్టూ ఉన్న గీత మాయం. మళ్లీ తీయడం కుదరని ఫొటోలకి ఎడిటింగ్‌లో లెవెల్స్ తెరిచి, అవుట్‌పుట్ వైట్‌ని 255 నుంచి 248కి దించాం. అప్పుడు పూర్తి తెలుపు కూడా చాలా లేత బూడిద అవుతుంది, ప్రింటర్ అక్కడ కూడా నాలుగు చుక్కలు వేస్తుంది. తెలుపు కొంచెం మందగిస్తుంది. పెళ్లి ఫొటోలో తెల్ల పంచెలకైతే ఆలోచించాలి, రాతి విగ్రహాలకి పర్లేదు. దాంతోపాటు ఆ ఇంక్‌కి, ఆ పేపర్‌కి ఐసీసీ ప్రొఫైల్ చేయించాం. అనవసరంగా కుమ్మరించే ఇంక్ తగ్గాక బ్రాంజింగ్ కూడా తగ్గింది. పోలేదు, తగ్గింది. ఇప్పటికీ ఒక యాంగిల్‌లో కనిపిస్తుంది, ఆ యాంగిల్ ఎక్కడో నాకు తెలుసు, కమిటీ వాళ్లకి ఇంకా దొరకలేదు.

"ఇంత బాధెందుకు, డై ఇంక్‌కే వెళ్లిపోవచ్చు కదా" అని నా రూమ్మేట్ అన్నాడు. సగం కరెక్ట్. పాస్‌పోర్ట్ ఫొటోలకి, పిల్లల పుట్టినరోజు ఫొటోలకి గ్లాసీ పేపర్ మీద డై ఇంకే బెస్ట్. మామ ఇప్పుడు దానికోసం రెండో ప్రింటర్ పెట్టుకున్నాడు, ఈసారి ఒరిజినల్ ఇంక్‌తో. ఆ 24 ఫొటోల ఆల్బమ్‌నైతే మొదట్లోనే కలర్ ల్యాబ్‌కి పంపి ఉంటే ఈ ఆర్టికలే ఉండేది కాదు, అది కూడా ఒప్పుకుంటా. కానీ వరండాలో, పూజగదిలో ఇరవై ఏళ్లు వేలాడాల్సిన ఫొటో విషయంలో నేను వెనక్కి తగ్గను. అక్కడ పిగ్మెంట్, లస్టర్ పేపర్, పైన ల్యామినేషన్. "ఫ్రేములో అద్దం వెనక పెడితే ఈ తేడాలేవీ కనపడవు" అని కొందరంటారు. ఎదురుగా నిలబడితే కనపడవు. మన ఇళ్లలో ఆ ఫొటోలు తలకన్నా ఎత్తులో, కొంచెం ముందుకి వాలి, పక్కనే ట్యూబ్‌లైట్‌తో ఉంటాయి. కనపడతాయి.

రివ్యూ రాసేవాళ్లకి నేనడిగేది రెండు నిమిషాల పని. ఒక పేజీలో తెలుపు నుంచి నలుపు దాకా పది మెట్లు, పక్కన ముదురు నీలం, సియాన్, ఒక మూల ఖాళీ తెల్ల కాగితం ప్రింట్ చేయండి. ఒక రోజు ఆరనివ్వండి. ట్యూబ్‌లైట్ కింద పేజీని వంచి, ట్యూబ్ ప్రతిబింబం ఆ మెట్ల మీదుగా వెళ్లేలా పట్టుకోండి. ప్రతిబింబం అంచు ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టుకి మారినప్పుడు మసకబారినా, రంగు మారినా అదే మీ సమాధానం. గ్లాస్ మీటర్ ఉంటే 60 డిగ్రీల దగ్గర రీడింగ్ ఇవ్వండి, లేకపోతే ఫోన్‌తో వీడియో తీసి పెట్టండి, చాలు. స్పెక్ షీట్‌లో "పిగ్మెంట్" అని చూసి గుడ్డిగా కొనేసే నాలాంటివాళ్లు కొందరైనా ఆగుతారు. ఒకవేళ మీరు కొనేవాళ్లయితే, షాపులో డెమో ప్రింట్ చేతికి ఇచ్చినప్పుడు తలుపు దగ్గరికి తీసుకెళ్లి వంచి చూడండి. సేల్స్ అబ్బాయి వింతగా చూస్తాడు, చూడనివ్వండి.

ఆళ్లగడ్డ అన్న కొత్త ఆల్బమ్ తీసుకున్నాడు. పాతదాంట్లోంచి ఆ అమ్మవారి ఫొటో చింపి నాకే ఇచ్చాడు, "నీ దగ్గర పెట్టుకో" అన్నాడు. ఇప్పుడు నా టెస్ట్ ఫైల్ అదే. కర్నూలు, నంద్యాల వైపు మీలో ఎవరి దగ్గరైనా క్రోమా ఆప్టిమైజర్ ఉన్న ప్రింటర్ ఉంటే కామెంట్ పెట్టండి. పెన్‌డ్రైవ్, పేపర్ నేనే తెచ్చుకుంటా, ఒక్క ఏ4 ప్రింట్ ఇవ్వండి చాలు.